ఏడాదికొక్క పూట

వెంకటదుర్గ తన బావని చేసుకోనని చెప్పినప్పుడు వాళ్ళ రెండిళ్ళలోనూ ఎవరూ నమ్మలేదు. ఆ పిల్లకి హరిబాబంటే ఎంత ఇష్టమో అందరికీ తెలుసు. అతను రావులపాలెం నుంచి స్కూటరు మీద వస్తున్నాడంటే వీధి మలుపు తిరగకముందే గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఆ చప్పుడు దానికెలా తెలిసేదో నాకు ఇప్పటికీ తెలియదు. రామచంద్రపురంలో మేం ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో అద్దెకుండేవాళ్ళం. తను తల్లితో ఉండేది, ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా కొత్తగా చేరింది. నేను హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని.

దుర్గ తల్లి పాపాయిగారు. ఆవిడ అన్న దొరబాబుగారి కొడుకే హరిబాబు. వీళ్ళందరికీ పెద్ద అచ్చాయమ్మగారు, దుర్గకి అమ్మమ్మ, హరిబాబుకి నానమ్మ. ఆవిడ భర్త బుల్లియ్యగారు రావులపాలెం దగ్గర వరి రైతు. ఆయన వేళ్ళ కణుపుల మీదా, మడమ వెనక నరం మీదా గట్టి బొడిపెలు ఉండేవట. నాగలి పట్టి కాయలు కాశాయనుకున్నారు. తర్వాత నాగలి పట్టని కొడుక్కీ అవే వచ్చాయి, కూతురికీ వచ్చాయి. అప్పటినుంచి ఆ ఇంట్లో వాటికి తాతకాయలని పేరు. బుల్లియ్యగారు డెబ్భై దాటాక ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, నిద్రలోనే దాటిపోయారు. అంత సుఖంగా పోయిన మనిషి పోలిక కాబట్టి, తాతకాయలున్న వాళ్ళకి ఆయుష్షు గట్టిదని వాళ్ళ నమ్మకం.

దుర్గకి ఇరవై నిండాక కుడిచేతి కణుపుల మీద రెండు చిన్న బొడిపెలు తేలాయి. హరిబాబుకి అప్పటికే ఉన్నాయి. అచ్చాయమ్మగారు ఇద్దరి చేతులూ తన ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుని తడిమి చూసి, "జాతకాలు ఇంకెందుకే పాపాయీ, దేవుడే ఇద్దరి మీదా ఒకటే ముద్ర కొట్టాడు" అందట. ఇది దుర్గే నాతో చెప్పింది, సిగ్గుపడుతూ.

ఆ మరుసటి ఏడు దొరబాబుగారు పోయారు. రావులపాలెంలో ఆయనది అరటిగెలల కమీషను వ్యాపారం. తెల్లారేసరికి రైతులు సైకిళ్ళ మీద తెచ్చిన గెలలు దించుకుంటూ, గుండె పట్టుకుని వాటి మీదే కూలబడిపోయారట. యాభై ఇంకా నిండలేదు. వ్యాపారం బాగా నడుస్తోంది కదా, నరదిష్టి తగిలిందన్నారు. ఏడాది తిరక్కుండా పాపాయిగారికి గుండెనొప్పి వచ్చింది. ఇది తొంభై నాలుగులో. దుర్గా నేనూ ఆవిడని కారులో పడుకోబెట్టి కాకినాడ తీసుకెళ్ళాం. ప్రాణం దక్కింది.

మూడో రోజున పెద్ద డాక్టరుగారు పాపాయిగారి మడమ వెనక నరం వేళ్ళతో పట్టి చూశారు. తర్వాత దుర్గ వైపు తిరిగి, "నీ చెయ్యి ఇలా పెట్టమ్మా" అన్నారు. తాతగారి దగ్గర్నుంచి అడుగుతూ వచ్చారు. ఎవరెలా పోయారు, ఎవరేం తినేవారు. దుర్గ రక్తం కూడా తీయించారు. తల్లికి దాదాపు నాలుగు వందలుంది కొలెస్ట్రాలు, కూతురికి మూడు వందల నలభై. రెండు వందలు దాటకూడదట, తాతకాయలు ఆ కొవ్వు పేరుకున్నవేనట.

పాపాయిగారు మంచం మీదనుంచే అన్నారు, "మా అన్నయ్య తిండి అలాంటిదండి. పొద్దున్నే మార్కెట్ పక్క హోటల్లో పూరీలు, మధ్యాహ్నం మాంసం, రాత్రి లారీల వాళ్ళతో కలిసి మళ్ళీ అదే. దాంతో పోయాడండి."

"తిండి ఒక్కటే అయితే ఆ హోటల్లో తిన్నవాళ్ళందరూ పోవాలి కదమ్మా" అన్నారు డాక్టరుగారు.

"అయితే రక్తం అంటారా? మా నాన్నకీ ఇవే ఉన్నాయి కదండి. ఆయన నిక్షేపంలా బతికారు."

"ఏం తినేవారు ఆయన?"

"ఏముందండి అప్పట్లో. తోటకూరో గోంగూరో, కాలవలో వల పడితే చేపలు. పండక్కి కోడి. పొలానికి నడక, పొలం నుంచి నడక."

"అదీ సంగతి. మీ నాన్నగారికి రక్తంలో ఉన్నదే మీ అన్నయ్యకీ ఉంది. దాని పైన తిండి మారింది, నడక పోయింది. మన కాలవల్లో పూడిక చూస్తారు కదా, అందులో కొంత గోదావరి నీళ్ళతోనే వస్తుంది. కొంత మనం గట్టు మీదనుంచి పారేసింది. రెండూ కలిసి ఏడాదికేడాది అడుగున పేరుకుంటాయి. కాలవకైతే వేసవిలో నీళ్ళు కట్టేసి తవ్వుతారు. ఒంట్లో కట్టేసే వీలు లేదు. వచ్చేది ఎలాగూ వస్తుంది, పారేసేదైనా తగ్గించుకోవాలి. మందు కూడా వాడాలి."

ఆయన లేచేటప్పుడు దుర్గ మెల్లిగా అడిగింది. "మా మావయ్యగారి అబ్బాయికీ చేతుల మీద ఉన్నాయండి. మా ఇద్దరికీ పెళ్ళనుకుంటున్నారు."

డాక్టరుగారు మళ్ళీ కూర్చున్నారు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒకవైపు నుంచే వస్తే మందూ పథ్యాలతో చాలా కాలం నెట్టుకు రావచ్చని, రెండువైపుల నుంచీ వస్తే పుట్టిన బిడ్డకి ఆ దారి లేదని చెప్పారు. నలుగురు పిల్లల్లో ఒకరికి అలా రావచ్చన్నారు. "మొదటి బిడ్డకే రావచ్చు, ఎవరికీ రాకపోవచ్చు. నేను వద్దని చెప్పను తల్లీ. తెలిసి చేసుకోండి."

బయట హాల్లో బెంచీ మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. తుని వైపు పిల్లట. తొమ్మిదేళ్ళుంటాయి. మోచేతుల మీదా, మోకాళ్ళ మీదా పసుపుపచ్చగా బొడిపెలు గుత్తులుగా ఉన్నాయి. తల్లి మందుల చీటీ పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆ పిల్ల దుర్గ చేతిని చూసి, "నీకూ ఉన్నాయా? కొంచెమే ఉన్నాయే" అంది. తన మోచెయ్యి తిప్పి చూపించింది. "నాకు ఇన్ని. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. నీకొస్తుందా?"

"రాదమ్మా" అంది దుర్గ.

"మా అమ్మా నాన్నా బావామరదళ్ళు" అని ఆ పిల్ల గొప్పగా చెప్పింది. ఎవరో పెద్దవాళ్ళు ముద్దుగా చెప్పిన మాట అయివుంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో దుర్గ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చేదాకా నా వైపు చూడలేదు.

పది రోజుల తర్వాత రావులపాలెం వెళ్ళింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. తండ్రి పోయాక వ్యాపారం హరిబాబే చూస్తున్నాడు. రోడ్డు పక్కన సైకిళ్ళు బారులు తీరి ఉన్నాయి. రెండు వైపులా గెలలు వేలాడుతుంటే సైకిలు కనపడటం లేదు. మమ్మల్ని చూసి హరిబాబు కేకేశాడు.

"ఏంటి మరదలా, గెల కావాలా, గెల తెచ్చిన మనిషి కావాలా?"

కూలివాళ్ళు నవ్వారు. దుర్గ నవ్వలేదు. కొట్టు వెనక్కి తీసుకెళ్ళి డాక్టరుగారు చెప్పిందంతా చెప్పింది. నేను ఇవతలే నిలబడ్డాను కానీ, తడిక అవతలి మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"ఇంతకీ ఆయన నిన్ను చేసుకోవద్దన్నాడా, నన్ను చేసుకోవద్దన్నాడా?"

"వద్దనలేదు. తెలిసి చేసుకోమన్నారు. నువ్వూ ఒకసారి రక్తం చూపించుకో బావా."

"నాకేం? గెల భుజానికెత్తుకుని లారీ ఎక్కుతాను. మా నాన్నంటే కూర్చుని తిన్నాడు." తర్వాత అతని గొంతు మారింది. "సరేలే దుర్గా. పిల్లలొద్దు. మనిద్దరమే ఉందాం. నాకు నువ్వు చాలు."

దుర్గ ఏడ్చింది అప్పుడు. నాకు వినపడింది.

"ఏడవకు. ముందు పెళ్ళి కానీ. తర్వాత ఆ దేవుడు ఎలా చేస్తే అలా. అందరికీ వస్తుందా ఏంటి, నలుగుర్లో ఒకళ్ళకేగా."

"తర్వాత అంటే?"

"తర్వాతంటే తర్వాతే. నానమ్మ ఊరుకుంటుందా? నీకు మాత్రం పిల్లల ఆశ ఉండదా?"

దుర్గ బయటికి వచ్చింది. ముఖం కడుక్కున్నట్టు తడిగా ఉంది. "పదండి టీచరుగారూ" అంది. బస్సులో ఒక్క మాట చెప్పింది. "అతను 'తర్వాత' అనకుండా ఉంటే చేసేసుకునేదాన్నండి. నాకు ఉండదా అని అడిగాడు చూశారా. ఉంటుంది. అందుకే భయం."

అచ్చాయమ్మగారు మనవరాలితో ఏడాది మాట్లాడలేదు. "డాక్టరు మాట విని రక్తాన్ని కాదనుకుంది" అని ఊరంతా చెప్పింది. తొంభై ఆరులో హరిబాబుకి కొత్తపేట వైపు సంబంధం చేశారు. పెళ్ళికూతురు సత్యవేణి. బయటి సంబంధం, చామనఛాయగా, నెమ్మదైన పిల్ల. దుర్గ పెళ్ళికి వెళ్ళి, వచ్చినవాళ్ళకి గంధం పూసి, భోజనం చేయకుండా వచ్చేసింది. కడుపులో బాగాలేదంది. రెండేళ్ళకి వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. హరిబాబు ఆ పిల్లకి దుర్గాసాయి అని పేరు పెట్టాడు. అమ్మవారి పేరని సత్యవేణితో చెప్పాడట.

దుర్గ మళ్ళీ సంబంధాలు చూడనివ్వలేదు. కాకినాడ డాక్టరుగారు రాసిన మాత్ర రోజూ వేసుకునేది. అప్పట్లో కొత్తగా వచ్చిన మందు, జీతంలో చాలా భాగం దానికే పోయేది. వంట కూడా మార్చేసింది. మొదట్లో నాకు వాళ్ళ కూర చప్పగా అనిపించేది. తర్వాత తర్వాత చేయి తిరిగింది. ఆనపకాయని ఆవిరి మీద మగ్గించి, నువ్వులు వేయించిన పొడి చిటికెడు చల్లి పెడితే, నూనె లేదన్న సంగతి తెలిసేది కాదు. పాపాయిగారు ఆ తిండితోనే, ఆ మందుతోనే ఇంకా పదేళ్ళు నడిచారు.

హరిబాబు సంగతే దుర్గకి బెంగ. ఎన్నిసార్లో ఫోను చేయించి, ఒకసారి బలవంతంగా కాకినాడ పంపించింది. డాక్టరుగారు మాత్రలిచ్చారు. హరిబాబు కొన్నాళ్ళు వేసుకున్నాడు. అయితే అతను ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునేవాడు. మండలం రోజులు నీసు ముట్టడు, ఒంటిపూట భోజనం, చెప్పులు లేని నడక. ఆ దీక్ష చివర్లో రక్తం పరీక్ష చేయించుకునేవాడు. అప్పుడు ఎంతో కొంత తగ్గి వచ్చేది. ఆ కాగితం చూసుకుని, ఏడాది పాటు మాత్ర మానేసేవాడు. ఒళ్ళు కడుక్కున్నట్టే లెక్క అతనికి.

మాలలో ఉండగా ఏటా ఒక పూట ద్రాక్షారామం వచ్చి, అటునుంచి రామచంద్రపురంలో దుర్గ ఇంటికి భిక్షకి వచ్చేవాడు. మామూలు రోజుల్లో పెళ్ళయిన మగవాడు, తనని కాదన్న మరదలింట్లో కూర్చుని తింటే నలుగురూ నాలుగు అంటారు. మాలలో ఉన్నవాణ్ణి స్వామి అంటారు, ఎవరింట తిన్నా ఎవరూ ఏమీ అనరు. ఆ రోజు దుర్గ సెలవు పెట్టేది. తలంటుకుని, వంటిల్లు కడిగి, వండేది. నేనూ పాపాయిగారూ వడ్డించేవాళ్ళం. తను గుమ్మం దగ్గరే నిలబడేది.

"మాతా, చూడు రిపోర్టు" అనేవాడు నల్లపంచెలో పీట మీద కూర్చుని. దీక్షలో ఆడవాళ్ళందర్నీ మాత అనాలి. "మూడొందల డెబ్భై ఉన్నది మూడొందలయింది."

"మూడొందలు కూడా ఎక్కువే స్వామీ. మాల తీశాక మళ్ళీ ఎక్కుతుంది. పుట్టినప్పటినుంచీ ఉన్నది నలభై రోజుల్లో పోతుందా?"

"మాత ఎప్పుడూ ఇంతేనండి టీచరుగారూ, తిట్టకుండా అన్నం పెట్టదు. ఇది ఏం కూర? ఆనపకాయా? ఇలాంటిది రోజూ పెడితే నేనెందుకు బిర్యానీకి పోతానండి."

దుర్గ ఆ మాటకి వంటింట్లోకి వెళ్ళిపోయేది. గిన్నెలు సర్దుతున్న చప్పుడు చేసేది.

నేను ఒకసారి అన్నాను. "ఇవన్నీ అతనికెందుకు చెప్తావు? వండేది అతను కాదుగా. సత్యవేణికి చెప్పు."

"నేనా? ఏ ముఖంతో చెప్పనండి? నీ మొగుడికి ఇలా వండు అని నేను చెప్తే, ఆవిడేమనుకుంటుంది? ఆ వంటింట్లోకి నేను ఫోనులో కూడా వెళ్ళకూడదు" అంది. నిజమే అనిపించింది నాకూ.

రెండువేల ఆరు వర్షాకాలంలో హరిబాబు పోయాడు. మార్కెట్ ఎదురుగా టీ కొట్టు దగ్గర, గ్లాసు చేతిలో ఉండగానే. నలభై ఏళ్ళు. శవాన్ని ఇంటికి తెచ్చేసరికి మేం వెళ్ళాం. బంధువులు వరసల వారీగా ఏడుస్తున్నారు. దుర్గకి ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. మేనత్త కూతురు ఎంత ఏడవాలో అంత ఏడ్చి, తర్వాత ఒక స్తంభం పక్కన నిలబడిపోయింది. ఎవరో సత్యవేణి చేతులకి గాజులు తొడుగుతుంటే, తన చేతులు కొంగులో దాచుకుంది.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక అచ్చాయమ్మగారు దుర్గని పిలిచింది. ఎనభై దాటిన మనిషి, చూపు ఆనడం లేదు. దుర్గ చెయ్యి దొరకబుచ్చుకుని, "నువ్వు చేసుకునుంటే బతికేవాడే. నీ చేతి తిండి తినుంటే నీ అమ్మలాగే నడిచేవాడే" అంది. తిట్టలేదు. మామూలుగా, వంట సంగతి మాట్లాడినట్టు అంది. సత్యవేణి పక్కనే ఉంది. వింది.

దుర్గ సత్యవేణి వైపు తిరిగింది. "పాపకి ఒకసారి రక్తం చూపిద్దామమ్మా. నేను కాకినాడ తీసుకెళ్ళి తీసుకొస్తాను. ఒక్క పూట పంపించు."

"మీరు వద్దనుకున్న రక్తమే కదక్కా అది. ఇప్పుడు నా పిల్లది మీకెందుకు?" అంది సత్యవేణి.

ఇంటికొచ్చాక దుర్గ మాత్ర వేసుకుని పడుకుంది. మర్నాడు నాతో అంది, "ఇద్దరూ నిజమే చెప్పారు టీచరుగారూ. పుట్టని పిల్ల కోసం ఉన్న మనిషిని వదులుకున్నాను. ఆ పిల్ల ఎలా ఉండేదో కూడా నాకు తెలీదు." తుని పిల్ల గురించి ఎప్పుడూ ఎత్తని మనిషి ఆ రోజు అడిగింది, ఆ పిల్ల ఇంకా ఉండి ఉంటుందా అని.

ఆ తర్వాత ఏడెనిమిది నెలలు అక్కడినుంచి కబురు లేదు. సత్యవేణి కొత్తపేట పుట్టింటికి వెళ్ళిపోయింది. కార్తీకం వచ్చింది, పోయింది. ఆ నెలంతా దుర్గ ఆనపకాయ కొనలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేం వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఫోను మోగింది. దుర్గది పాత సెల్‌ఫోను, అవతలి మాట పక్కనున్నవాళ్ళకి కూడా వినపడేది. సత్యవేణి.

"అక్కా, పాపని కాకినాడ తీసుకెళ్ళాను. నేనే తీసుకెళ్ళాను."

"ఏమన్నారు?"

"ఉందట. ఒకవైపు నుంచేనట, వాళ్ళ నాన్న వైపు నుంచి. నా వైపు లేదట. ఇప్పట్నుంచీ జాగ్రత్తగా ఉంటే భయం లేదన్నారు. కొంచెం పెద్దయ్యాక మాత్ర మొదలెడతారట. తిండి మాత్రం ఇవాళ్టినుంచే మార్చమన్నారు."

"మంచిది. చిన్నప్పుడే తెలిసింది. మంచిది" అంది దుర్గ. ఆ మాటే రెండు మూడుసార్లు అంది.

"కాగితం మీద ఏవేవో రాసిచ్చారు. అది చూసి ఎలా వండాలో నాకు తెలీటం లేదక్కా. చప్పగా చేస్తే అది ముద్ద ముట్టటం లేదు. మీరు ఎలా వండుతారో చెప్తారా?"

దుర్గ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. మొదలుపెట్టింది. పప్పులో తాలింపుకి ఒక్క చెంచా నూనె చాలని, ఆవాలు ముందు పొడి మూకుడులో వేయించుకోమని. కూర ఆవిరి మీద మగ్గనివ్వమని. కొబ్బరి మానమని, మానలేకపోతే వాసనకి చిటికెడు. గుడ్డు పెట్టొచ్చు, పచ్చసొన తీసేయమని. చేపల పులుసు పెట్టొచ్చని, రొయ్యలు ఎప్పుడో ఒకసారని. మజ్జిగ చిలికి వెన్న తీసేశాక పోయమని. అవతల సత్యవేణి ఊ, ఊ అంటూ వింటోంది. మధ్యలో పిల్ల గొంతు వినపడింది, "ఎవరమ్మా?" అని. "దొడ్డమ్మ" అంది సత్యవేణి.

ఆనపకాయ దగ్గరికి వచ్చేసరికి దుర్గ ఆగింది.

ఆ ఆగినప్పుడే సత్యవేణి అడిగింది. కోపంగా అడగలేదు.

"ఇవన్నీ ఆయన ఉండగా నాకెందుకు చెప్పలేదక్కా?"

దుర్గ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఆయన ఎప్పుడూ చెప్పలేదు నాకు. మాల వేసుకుంటే తగ్గిపోతుందనేవారు. నాకు తెలిస్తే వండనా? రోజూ వండేదాన్ని కదా."

దుర్గ ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుంది. కళ్ళనుంచి నీళ్ళు ఒళ్ళో పడుతున్నాయి, తుడుచుకోలేదు. అవతల సత్యవేణి కూడా ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. ఇద్దర్లో ఎవరూ ఫోను పెట్టేయలేదు. చాలాసేపటికి సత్యవేణి ముక్కు తుడుచుకున్న చప్పుడు వినపడింది.

"చెప్పండక్కా. ఆనపకాయ అన్నారు. తర్వాత?"

దుర్గ కళ్ళు తుడుచుకుంది.

"చెక్కు పల్చగా తీయాలమ్మా" అంది.